విభాగం 14: నిరాశపరిచిన ఆల్బమ్‌ను అంచనా వేయడం – ‘లెట్ ఇట్ బి’ పరిశీలన

14.0 లక్ష్యాలు

ఈ విభాగాన్ని చదివిన తరువాత మీరు:

• ఒక పాటల ఆల్బమ్ విన్నప్పుడు కలిగే నిరాశకూ, ఆ ఆల్బమ్‌లో ఉన్న లోపానికీ తేడా చెప్పగలుగుతారు.
• లోపం పాటలో ఉందా, గానంలో ఉందా, కూర్పులో ఉందా, వరుసలో ఉందా అని విడదీసి చూపగలుగుతారు.
• ‘లెట్ ఇట్ బి’ ఆల్బమ్‌పై వచ్చిన విమర్శలను పరిశీలించి, మీ సొంత అభిప్రాయాన్ని కారణాలతో రాయగలుగుతారు.

14.1 పరిచయం

చాలా ఏళ్ల కిందట ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారం సంపర్క తరగతి తీసుకుంటున్నాను. ఆ రోజు పాఠం విమర్శ ప్రయోజనం గురించి. వెనక వరుసలోంచి ఒక ఆర్టీసీ కండక్టర్ లేచి, “సార్, పరీక్షలో ‘ఈ రచన నాకు నచ్చలేదు’ అని రాస్తే మార్కులు వేస్తారా?” అని అడిగాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వాను. “కారణాలు రాస్తే వేస్తారు” అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను. ఇంటికి తిరిగి వస్తున్నప్పుడు బస్సులో ఆ ప్రశ్న మళ్లీ గుర్తొచ్చింది. కారణాలు రాయమన్నాను గాని, వాటిని ఎలా వెతకాలో చెప్పలేదు.

మన పాఠ్యపుస్తకాలు గొప్ప రచనల గొప్పదనాన్ని వివరించడం నేర్పుతాయి. సగం బాగుండి సగం బాగాలేని దాన్ని ఎలా చర్చించాలో అంతగా నేర్పవు. మనం రోజూ వినేవీ, చూసేవీ, చదివేవీ ఎక్కువగా ఈ రెండో రకానివే. అందువల్ల ఆ కండక్టర్ అడిగిన ప్రశ్న విమర్శకు చాలా ముఖ్యమైన ప్రశ్న. ఆ రోజు పూర్తిగా చెప్పని జవాబు ఈ విభాగంలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

ఇందుకు కావ్యాన్ని కాకుండా పాటల ఆల్బమ్‌ను ఎంచుకున్నాను. కావ్యం ముందు మనం కొంచెం జంకుతాం. పాట బాగాలేదని చెప్పడానికి మాత్రం ఎవరి అనుమతీ అడగం. ఆ ధైర్యం అలాగే ఉంచుకుని, దానికి కొంత క్రమశిక్షణ జోడించడం నేర్చుకుంటే చాలు.

మనం పరిశీలించే ఆల్బమ్ ‘లెట్ ఇట్ బి’. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరానికి చెందిన బీటిల్స్ బృందం దీన్ని 1970 మే 8న విడుదల చేసింది. జాన్ లెనన్, పాల్ మెకార్ట్‌నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ ఆ బృందంలోని నలుగురు. ఈ ఆల్బమ్‌ను ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, బృందం విడిపోయిన వార్త వెలువడిన కొద్ది వారాలకే వచ్చిన ఈ రికార్డు, ఎంతో ఆశతో ఎదురుచూసిన వారిలో చాలామందిని నిరాశపరిచింది. రెండోది, అవే టేపుల నుంచి 2003లో మరో రూపం వెలువడింది. ‘ఇది ఇలా కాక మరోలా ఉండి ఉంటే?’ అనే ప్రశ్నకు ఇక్కడ ఊహతో పని లేదు, చెవులతోనే జవాబు వెతుక్కోవచ్చు. విమర్శ నేర్చుకునేవారికి ఇలాంటి అవకాశం అరుదుగా దొరుకుతుంది.

ఇంగ్లీషు పాటలు మీకు అలవాటు లేకపోయినా ఇబ్బంది లేదు. మొత్తం ఆల్బమ్ సుమారు 35 నిమిషాలే. ఒకసారి విని, ఆ తరువాత ముందుకు చదవండి.

14.2 మొదటి ప్రశ్న: మనం విన్నది ఏమిటి?

ముందుగా నా పొరపాటు ఒకటి చెబుతాను. 1980ల మొదట్లో నేను పరిశోధక విద్యార్థిని. ఖాళీ కేసెట్ ఇచ్చి, కావలసిన పాటల చీటీ రాసి ఇస్తే రికార్డు చేసి పెట్టే దుకాణాలు అప్పట్లో ఉండేవి. అలాంటి ఒక దుకాణంలో ‘లెట్ ఇట్ బి’ మొత్తం రికార్డు చేయమని 60 నిమిషాల కేసెట్ ఇచ్చాను. రెండు వారాలు విన్నాను. ఆ తరువాత ఒక చిన్న పత్రికకు వ్యాసం రాశాను. ‘ఈ ఆల్బమ్‌లో పాటల వరుసకు ఒక పద్ధతి లేదు, రెండో వైపు చివరి పాటలకూ మొదటి వైపు పాటలకూ పొంతన లేదు’ అని ఘాటుగా రాశాను. వ్యాసం అచ్చయింది. మిత్రులు మెచ్చుకున్నారు.

ఏడాది తరువాత ఒక స్నేహితుడి ఇంట్లో అసలు గ్రామఫోన్ రికార్డు చూశాను. అట్ట వెనక ఉన్న పాటల వరుస నా కేసెట్‌లోని వరుస కాదు. దుకాణంవాళ్లు తమకు వీలైన క్రమంలో రికార్డు చేశారు. అంతేకాక కేసెట్‌లో మిగిలిన జాగాను వేరే ఆల్బమ్‌లోని పాటలతో నింపారు. పొంతన లేదని నేను తప్పుపట్టిన పాటలు అసలు ఈ ఆల్బమ్‌లోవే కావు! దుకాణదారుడు మంచి మనసుతోనే జాగా వృథా కాకుండా చూశాడు. వాకబు చేయకుండా కలం పట్టుకోవడం నా తప్పు.

సాహిత్య విద్యార్థులుగా మీకు ఈ సమస్య కొత్త కాదు. పోతన భాగవతంలో పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలను నారయ రచించారని మీరు చదివారు. ఆ సంగతి తెలియకుండా ‘పోతన శైలి ఇక్కడ పలచబడింది’ అని రాస్తే అది పోతనకు చేసే అన్యాయం. పాటల ఆల్బమ్ విషయంలోనూ అంతే. ఎవరు రాశారు, ఎవరు వాయించారు, ఎవరు కూర్చారు, మన చేతిలో ఉన్నది ఏ రూపం అని తెలుసుకున్నాకే తీర్పు గురించి ఆలోచించాలి.

14.3 ఆల్బమ్ పుట్టిన తీరు

1969 జనవరి 2న బీటిల్స్ బృందం లండన్‌లోని ట్వికెన్‌హామ్ ఫిల్మ్ స్టూడియోలో కొత్త పాటల సాధన మొదలుపెట్టింది. అంతకుముందు కొన్నేళ్లుగా వారు స్టూడియోలో ఒక్కో పొర చేర్చుకుంటూ పాటలు తయారుచేసేవారు. ఒకసారి రికార్డయిన దాని మీద తరువాత మరో వాద్యాన్నో, గొంతునో చేర్చడాన్ని ఓవర్‌డబ్బింగ్ అంటారు. ఈసారి అది వద్దనుకున్నారు. నలుగురూ కలిసి కూర్చుని, ఒకేసారి పాడి వాయించినది ఎలా ఉంటే అలా రికార్డు కావాలన్నది సంకల్పం. సాధన అంతటినీ మైకేల్ లిండ్సే-హాగ్ దర్శకత్వంలో చిత్రీకరించారు. ఆ ప్రయత్నానికి అప్పటి పేరు ‘గెట్ బ్యాక్’. వెనక్కి, అంటే మొదటి రోజుల పద్ధతికి వెళ్లడం అన్న అర్థం అందులో ఉంది.

పని సాఫీగా సాగలేదు. జనవరి 10న హారిసన్ బృందాన్ని వదిలి వెళ్లిపోయాడు. కొద్ది రోజుల్లో తిరిగి వచ్చాడు. తరువాత సాధనను సావిల్ రోలోని తమ సొంత కార్యాలయం నేలమాళిగకు మార్చారు. అక్కడ బిల్లీ ప్రెస్టన్ అనే కీబోర్డు కళాకారుడు తోడయ్యాడు. జనవరి 30న అదే భవనం పైకప్పు మీద కచేరీ చేశారు. కింద వీధిలో జనం గుమిగూడారు, పోలీసులు పైకి వచ్చారు.

ఆ టేపుల నుంచి ఆల్బమ్ తయారుచేసే పని ఇంజనీర్ గ్లిన్ జాన్స్‌కు అప్పగించారు. ఆయన ఇచ్చిన కూర్పులను బృందం ఒప్పుకోలేదు. టేపులు పక్కన పడ్డాయి. ఈలోగా ‘ఆబీ రోడ్’ అనే మరో ఆల్బమ్ రికార్డు చేసి 1969 సెప్టెంబరులో విడుదల చేశారు. 1970 మార్చిలో పాత టేపులు అమెరికన్ ప్రొడ్యూసర్ ఫిల్ స్పెక్టర్ చేతికి వెళ్లాయి. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే మన సినిమా నిర్మాత వంటివాడు కాదని గమనించండి. రికార్డులో ఏ ధ్వని ఎంత వినిపించాలో, ఏది ఉండాలో, ఏది పోవాలో నిర్ణయించేవాడు. అనేక వాద్యాలను కలిపి దట్టమైన ధ్వని సృష్టించడం స్పెక్టర్ పద్ధతి. ఏప్రిల్ 1న ఆయన మూడు పాటలకు వాద్యబృందాన్ని, వాటిలో రెండింటికి బృందగానాన్ని కూడా చేర్చాడు. ఓవర్‌డబ్బింగ్ వద్దనుకుని మొదలైన ఆల్బమ్ చివరకు భారీ ఓవర్‌డబ్బింగ్‌తో బయటికి వచ్చింది.

‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ తన పాట అయినా, మెకార్ట్‌నీకి ఈ చేర్పులు ముందుగా తెలియవు. విన్నాక, వాద్యాల హోరు తగ్గించమని, హార్ప్ తీసేయమని ఉత్తరం రాశాడు. మార్పు జరగలేదు. లెనన్ మాత్రం ఎవరూ ముట్టుకోని టేపులను స్పెక్టర్ ఒక దారికి తెచ్చాడని తరువాత సమర్థించాడు. అదే రికార్డుపై అందులో పాడిన ఇద్దరికే భిన్నాభిప్రాయాలున్నప్పుడు, విమర్శకులు ఒక్కమాట మీద ఉండాలని ఆశించలేం.

14.4 నిరాశ వేరు, లోపం వేరు

నిరాశ వినేవారి మనసులో ఉంటుంది. లోపం రికార్డులో ఉంటుంది. ఈ రెంటినీ కలిపేయడమే తొందరపాటు సమీక్షల్లో కనిపించే ప్రధాన దోషం.

1970లో ‘లెట్ ఇట్ బి’ విన్నవారి మనసులో ఏముందో ఊహించండి. ఏడేళ్లుగా ప్రతి ఆల్బమ్‌తో ఆశ్చర్యపరిచిన బృందం విడిపోయింది. ఇదే చివరి రికార్డు. ఇది వీడ్కోలు సభలా ఉంటుందని వారు ఎదురుచూశారు. చేతికి అందినది మాత్రం ఏడాదికి పైగా పాతబడిన సాధన టేపుల కూర్పు. వీడ్కోలు కోసం అవి రికార్డు కాలేదు. ఆ నలుగురూ అంతకన్నా తరువాత చేసిన ‘ఆబీ రోడ్’ అప్పటికే బయటికి వచ్చేసింది. అందువల్ల ‘ఇది ఘనమైన ముగింపు కాదు’ అన్న ఫిర్యాదు విడుదల క్రమం మీద చేయవలసిన ఫిర్యాదు. పాటల మీద చేస్తే అన్యాయం.

మరోవైపు, నిరాశ ఎక్కువైనంత మాత్రాన ఫిర్యాదులన్నీ తప్పు కావు. రోలింగ్ స్టోన్ పత్రికలో జాన్ మెండెల్సన్ రాసిన సమీక్ష స్పెక్టర్ చేర్పులను గట్టిగా తప్పుపట్టింది. ఆ ఆక్షేపణ రికార్డులో వినిపించే విషయం మీదే ఉంది. దాన్ని మనం చెవులతో పరీక్షించవచ్చు.

14.5 నాలుగు పొరలు

ఆల్బమ్‌లో లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి దాన్ని నాలుగు పొరలుగా విడదీసి చూద్దాం.

(అ) పాట: సాహిత్యం, బాణీ. ఈ పొరలో ఆల్బమ్ మొత్తం మీద బలంగానే ఉంది. ‘లెట్ ఇట్ బి’, ‘అక్రాస్ ద యూనివర్స్’, ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’, ‘గెట్ బ్యాక్’ ఏ కాలపు కొలతకైనా నిలబడే పాటలు. ‘వన్ ఆఫ్టర్ 909’ లెనన్, మెకార్ట్‌నీ కుర్రతనంలో కట్టుకున్న పాట. దానికి లోతు లేదు, హుషారు ఉంది. ‘డిగ్ ఎ పోనీ’లో మాటలు అర్థం కోసం కాక ధ్వని కోసం పేర్చినట్టుంటాయి. 50 సెకన్ల ‘డిగ్ ఇట్’, 40 సెకన్ల ‘మ్యాగీ మే’ పాటలని చెప్పదగినవి కావు. మొదటిది సరదాగా సాగిన సుదీర్ఘ వాదనలోంచి కత్తిరించిన ముక్క. రెండోది లివర్‌పూల్ జానపద గీతపు పల్లవి వంటిది. పన్నెండింటిలో ఇలాంటివి రెండు ఉండటం అసమానతే.

(ఆ) గానం, వాద్యం. ఇక్కడ అసమానత ఎక్కువ. పైకప్పు కచేరీలోంచి తీసుకున్న మూడు పాటల్లో నలుగురూ ఒకరినొకరు వింటూ వాయిస్తున్నారని తెలుస్తుంది. ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’లో బేస్ గిటార్ లెనన్ వాయించాడు. అది అతని వాద్యం కాదు, అక్కడక్కడ తడబడ్డాడు. ‘ఐ మి మైన్’ 1970 జనవరి 3న లెనన్ లేకుండా మిగిలిన ముగ్గురూ రికార్డు చేశారు. ‘అక్రాస్ ద యూనివర్స్’ 1968 ఫిబ్రవరి నాటి రికార్డింగ్. ఒకే జనవరిలో, ఒకే సంకల్పంతో పుట్టిందని మనం అనుకునే ఆల్బమ్‌లో నిజానికి మూడు వేర్వేరు సంవత్సరాల పని ఉంది.

(ఇ) కూర్పు. ‘ఐ మి మైన్’ మొదట ఒకటిన్నర నిమిషాల పాట. స్పెక్టర్ ఒక భాగాన్ని మళ్లీ అతికించి సుమారు రెండున్నర నిమిషాలు చేశాడు. ఆ అతుకు వినేవారికి తెలియదు, పాటకు తగిన నిడివి వచ్చింది. తిశ్ర గతిలో నెమ్మదిగా సాగి ఒక్కసారి రాక్ హోరులోకి మారే ఆ పాటకు వాద్యబృందం కూడా అంత అడ్డు కాలేదు. కాబట్టి ‘స్పెక్టర్ అన్నీ పాడుచేశాడు’ అనే మాట నిలవదు. పాటవారీగా చూడాలి.

(ఈ) వరుస. రికార్డు మధ్యమధ్య మాటలు, నవ్వులు, హాస్యాలు వినిపిస్తాయి. సాధన గదిలో మనమూ కూర్చున్నామనే భావన అవి కలిగిస్తాయి. ఆ వెంటనే వయొలిన్లు, స్త్రీల బృందగానం వినిపిస్తే ఆ గది మాయమవుతుంది. ‘గెట్ బ్యాక్’ స్టూడియోలో రికార్డయిన పాట. దాని చివర పైకప్పు కచేరీలో లెనన్ అన్న చమత్కారాన్ని అతికించి, అది కూడా పైకప్పు మీదిదే అన్నట్టు చేశారు. ఇక్కడ మాత్రం మాయ అందంగా పనిచేసింది.

ఈ నాలుగు పొరలూ చూశాక నా అభిప్రాయం ఇది: ‘లెట్ ఇట్ బి’ ప్రధాన లోపం చెడ్డ పాటలు ఉండటం కాదు. ఒకే రికార్డు శ్రోతకు రెండు పరస్పర విరుద్ధమైన మాటలు ఇచ్చింది. ‘మేం ఉన్నది ఉన్నట్టు పాడుతున్నాం’ అని ఒక పాట చెబుతుంది. తరువాతి పాట పట్టుచీర కట్టుకుని వస్తుంది. రెండూ విడివిడిగా తప్పు కావు. పక్కపక్కన ఉంచినవారే ఏది కావాలో తేల్చుకోలేదు.

14.6 అలంకారం, ఔచిత్యం

పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడి ఔచిత్య సిద్ధాంతం మీకు అలంకారశాస్త్ర పాఠాల్లో పరిచయమైంది. మెడలో ఉంటే హారం అందం, నడుముకు చుట్టుకుంటే నవ్వులపాలు అన్నది దాని సారం. నగ మంచిదా కాదా అన్న ప్రశ్న తరువాతది. అది ఉండవలసిన చోట ఉందా అన్నది మొదటి ప్రశ్న.

ఈ కొలతను రెండు పాటలకు పెట్టి చూడండి. ‘అక్రాస్ ద యూనివర్స్’ విశాలమైన, తేలిపోయే భావం గల పాట. స్పెక్టర్ దాని వేగం తగ్గించి, వాద్యబృందాన్ని వెనక పరిచాడు. కొందరికి అది బరువు అనిపించవచ్చు. అయినా పాట చెప్పేదానికీ, ధ్వని చేసేదానికీ విరోధం లేదు. ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ సంగతి వేరు. ఒంటరి గొంతు, పియానో, అలసట ఆ పాట ప్రాణం. ఒంటరితనం గురించి పాడేవాడి వెనక అంతమంది నిలబడి గొంతు కలిపితే ఒంటరితనం మిగలదు. లెనన్ బేస్ తడబాట్లను కప్పడానికే ఈ దుప్పటి కప్పారనే వాదన ఉంది. కావచ్చు. చిరుగు కనిపించకుండా కప్పిన దుప్పటి కింద మనిషే కనిపించకపోతే ప్రయోజనం లేదు.

అయితే ఒక్క సంగతి దాచకూడదు. ఇదే రూపంలో ఈ పాట 1970 జూన్‌లో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. లక్షలాది శ్రోతలు ఆ వాద్యబృందంతోనే దీన్ని ప్రేమించారు. అంతమాత్రాన మన ఆక్షేపణ చెల్లకుండా పోదు. కానీ ఎదుటి సాక్ష్యాన్ని కూడా చదివేవారి ముందు పెట్టడం విమర్శకుడి బాధ్యత.

14.7 2003 నాటి రూపం ఏం రుజువు చేసింది?

2003 నవంబరులో ‘లెట్ ఇట్ బి... నేకెడ్’ పేరుతో కొత్త రూపం విడుదలైంది. స్పెక్టర్ చేర్చిన వాద్యబృందం తీసేశారు. మధ్యలోని మాటలు, ‘డిగ్ ఇట్’, ‘మ్యాగీ మే’ తీసేశారు. 1969లో ‘గెట్ బ్యాక్’ సింగిల్ రికార్డుకు రెండో వైపున వచ్చిన ‘డోంట్ లెట్ మి డౌన్’ చేర్చారు. పాటల వరుస మార్చారు.

వింటే రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, పాటలు బలమైనవే. పియానో, గొంతు ప్రధానంగా వినిపించే ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ మన వాదనను బలపరుస్తుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. అది స్పెక్టర్ వాడిన టేకే కాదు, జనవరి 31న పాడిన మరో టేకు. కాబట్టి రెండు రూపాల మధ్య తేడా అంతా వయొలిన్ల వల్లనే అని చెప్పలేం.

రెండు, పేరు చెప్పినంత ‘నగ్నం’గా ఈ రూపమూ లేదు. కొన్ని పాటలను ఒకటికి మించిన టేకుల నుంచి ముక్కలు తీసి అతికించారు. ‘ఐ మి మైన్’ను స్పెక్టర్ పొడిగించిన కొలతలోనే ఉంచారు. శబ్దాలను కంప్యూటర్‌తో శుభ్రపరిచారు. ఫలితంగా ఇది మొదటిదానికన్నా సమంగా ఉంది. కాని ఆ నవ్వులు, మాటలు పోవడంతో గది కూడా పోయింది. నన్ను అడిగితే, పాటలు విడిగా వినడానికి 2003 రూపం మేలు. మనుషులను వినడానికి 1970 రూపమే మేలు. సమత్వం ఒక గుణమే. అదొక్కటే గుణం కాదు.

14.8 కథ విని పాట వినడం

1970లో ఆల్బమ్‌తో పాటు అదే పేరుతో సినిమా కూడా వచ్చింది. బృందం విడిపోయిన వార్త తెలిసి చూసినవారికి అందులోని చిన్న వాదన కూడా పెద్ద తగవులా కనిపించింది. ఆ కథ రికార్డుకూ అంటుకుంది. ‘ఇది మనసులు విరిగిన నలుగురి ఆల్బమ్’ అనడం ఆనవాయితీ అయింది. నా పాత వ్యాసంలో నేనూ అదే రాశాను.

2021లో పీటర్ జాక్సన్ అదే చిత్రీకరణ నుంచి ‘గెట్ బ్యాక్’ అనే పేరుతో దాదాపు ఎనిమిది గంటల డాక్యుమెంటరీ రూపొందించాడు. అందులో విసుగు ఉంది, హారిసన్ వెళ్లిపోవడం ఉంది. అంతకన్నా ఎక్కువగా నవ్వులున్నాయి, వెక్కిరింపులున్నాయి, ఒకరి పాటకు మరొకరు ఓపికగా సాయం చేయడం ఉంది. అది చూశాక ‘టూ ఆఫ్ అజ్’ పాటను మళ్లీ విన్నాను. రెండు గిటార్లు, రెండు గొంతులు పక్కపక్కన నడుస్తున్నాయి. రికార్డులో ఒక్క స్వరం మారలేదు. నలభై ఏళ్లు నాకు అందులో విరిగిన మనసులు ఎందుకు వినిపించాయి? నేను విన్నది పాటను కాదు, పాట గురించి చదివిన కథను.

14.9 మరో ఉదాహరణ: ‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’

అదే 1970 జూన్‌లో బాబ్ డిలన్ ‘సెల్ఫ్ పోర్ట్రెయిట్’ అనే జంట ఆల్బమ్ విడుదల చేశాడు. తన పాటలకు పేరుపడిన కవి గాయకుడు ఇందులో ఇతరుల పాటలు, పాత జానపదాలు, కచేరీ రికార్డింగులు కలిపి 24 అంశాలు ఇచ్చాడు. మొదటి పాటలో ఆయన గొంతే వినిపించదు, స్త్రీల బృందం పాడుతుంది. గ్రీల్ మార్కస్ అనే విమర్శకుడు రోలింగ్ స్టోన్‌లో తన సమీక్షను ఒక బూతు మాట ఉన్న ప్రశ్నతో మొదలుపెట్టాడు. ఆ వాక్యం సమీక్షకన్నా ప్రసిద్ధమైంది. దాని వెనక మార్కస్ ఒక్కో పాటను విడివిడిగా చర్చించిన సంగతి చాలామంది మరిచిపోయారు.

2013లో ఆ కాలపు టేపుల నుంచి, తరువాత చేర్చిన వాద్యాలు తొలగించిన రూపాలతో సహా ‘అనదర్ సెల్ఫ్ పోర్ట్రెయిట్’ వెలువడింది. దానితో ఇచ్చిన పుస్తకానికి వ్యాసం రాసింది ఆ మార్కసే. 43 ఏళ్ల తరువాత అవే రోజుల పాటలను మళ్లీ వినడానికి ఆయన సిద్ధపడ్డాడు. తీర్పు చెప్పడం ఒక్క రోజు పని. ఆ తీర్పును మళ్లీ పరీక్షించుకోవడం జీవితకాలపు పని.

14.10 మన పాటలకు ఈ కొలతలు వర్తిస్తాయా?

వర్తిస్తాయి, ఒక సవరణతో. మన తెలుగు సినిమా ఆల్బమ్ స్వతంత్ర రచన కాదు. హీరో పరిచయ గీతం, యుగళగీతం, విషాదగీతం – ఒక్కోదానికి కథలో ఒక్కో పని ఉంటుంది. ఆరు పాటలూ ఒకే స్థాయిలో, ఒకే రుచిలో ఉండాలని కోరడం విందులో అన్ని వంటకాలూ పాయసంలా ఉండాలని కోరినట్టు. ప్రతి పాటనూ ‘నీ పని నువ్వు చేశావా?’ అని అడగాలి. సినిమా చూడకముందు పాటలు విని తీర్పు చెబితే, ఆ తీర్పు తాత్కాలికమని రాసుకోవాలి.

అలాగని సందర్భాన్ని సాకుగా తీసుకోకూడదు. బాణీకి అతకని మాటలు, గొంతును మింగేసే వాద్యాలు సందర్భం వల్ల మంచివి అయిపోవు. మరొక జాగ్రత్త కూడా చెప్పాలి. 1992లో ‘రోజా’ పాటలు విన్న తరువాత నేను ఏళ్ల తరబడి రహమాన్ కొత్త ఆల్బమ్ ప్రతిదాన్నీ దానితో తూచాను. చాలావాటిని తేలిక అన్నాను. వాటిలో కొన్ని ఇప్పుడు నా ఇంట్లో రోజూ మోగుతున్నాయి. పాత ఇష్టం కొత్త పాటకు శత్రువు కాకుండా చూసుకోవాలి.

మీరు జవాబు రాసేటప్పుడు తేడా ఎలా ఉండాలో చూడండి.

బలహీనమైన జవాబు: “ఈ ఆల్బమ్ చాలా నిరాశపరిచింది. రెండు పాటలు తప్ప మిగతావి బాగాలేవు. సంగీత దర్శకుడు శ్రద్ధ పెట్టలేదు.”

మెరుగైన జవాబు: “నాలుగో పాట బాణీ బాగుంది. చరణంలో డప్పుల హోరు వల్ల గాయని పలికిన మాటలు వినబడలేదు. అది తల్లి జోలపాట కనుక ఇక్కడ ఆ హోరు అనుచితం. లోపం పాటలో కాదు, కూర్పులో ఉంది.”

మొదటి జవాబు రాసినవాడి మానసిక స్థితిని తెలుపుతుంది. సంగీత దర్శకుడి శ్రద్ధ గురించి అతనికి తెలిసే అవకాశం లేదు. రెండో జవాబును చదివినవారు పాట విని, సరేనని ఒప్పుకోవచ్చు, కాదని వాదించవచ్చు. వాదించడానికి వీలిచ్చేదే విమర్శ.

14.11 సారాంశం

అసమానమైన ఆల్బమ్‌ను అంచనా వేసేటప్పుడు మొదట మన చేతిలో ఉన్న రూపం ఏదో తెలుసుకోవాలి. మన ఆశను, రికార్డులోని లోపాన్ని వేరు చేయాలి. లోపం పాటలో, గానవాద్యాల్లో, కూర్పులో, వరుసలో – ఎక్కడుందో చూపాలి. అలంకారాన్ని ఔచిత్యంతో కొలవాలి. రికార్డు చుట్టూ అల్లుకున్న కథను పక్కన పెట్టి వినాలి. కొంతకాలం తరువాత మళ్లీ వినాలి.

ఆ కండక్టర్ ఇప్పుడు ఎదురుపడితే నా జవాబు ఇలా ఉంటుంది: “నచ్చలేదని నిర్భయంగా రాయండి. ఎక్కడ నచ్చలేదో వేలు పెట్టి చూపండి. నచ్చిన చోటు ఒక్కటున్నా దాన్ని దాచకండి. మార్కులు తప్పకుండా పడతాయి.”

14.12 మీ ప్రగతిని తెలుసుకోండి

1. నిరాశకూ, లోపానికీ తేడా ఏమిటి? ‘లెట్ ఇట్ బి’ ఆధారంగా ఐదు వాక్యాల్లో రాయండి.
2. ‘ద లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ 1970, 2003 రూపాలు వినండి. ఈ విభాగంలోని అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా? ఏకీభవించకపోతే కారణాలు రాయండి.
3. 2003 నాటి రూపాన్ని ‘అసలు రూపం’ అని పిలవవచ్చా? చర్చించండి.
4. మీకు పూర్తిగా నచ్చని ఒక తెలుగు సినిమా ఆల్బమ్‌ను మూడు వేర్వేరు రోజుల్లో వినండి. మొదటి రోజు అభిప్రాయాన్ని, మూడో రోజు అభిప్రాయాన్ని పక్కపక్కన రాసి, మారినది ఏమిటో, ఎందుకు మారిందో ఒక పేజీలో వివరించండి.